గుండీలు కోసిన కొడవలి

మా అత్త మొన్న మంగళవారం పొద్దున తాండూరు ఆస్పత్రిలో పోయింది. చలికని మా ఆడబిడ్డ తొడిగిన స్వెటర్‌తోనే ఇంటికి తెచ్చారు. దానికి ముందువైపు పెద్ద నల్ల గుండీలు.

నాకు చిన్నప్పటి నుంచి గుండీలంటే భయం. గుండీ కరవదని నాకూ తెలుసు. కానీ ఆ నున్నటి అంచు, మధ్యలో రంధ్రాలు కంటపడితే ముఖం తిప్పేసుకుంటాను. ఒంటికి తగిలితే ఊపిరాడదు. చిన్నప్పుడు వికారాబాద్‌లో పుట్టింట్లో మా అన్న, భయం వదిలిస్తానని నా దవడలు నొక్కిపట్టి నోట్లో గుండీ కుక్కాడు. నెత్తురుతో కలిపి కక్కాను.

పెళ్లైన కొత్తలో చొక్కా ఉతకనన్నానని మా ఆయన నా జుట్టు పట్టుకుని, ఆ చొక్కానే ముఖానికేసి రుద్దాడు. పెదవి చీలింది. పెరట్లో గడ్డి కోస్తున్న అత్త నా అరుపు విని పరుగెత్తుకొచ్చింది. కొడవలి పిడితో కొడుకు మోచేతి మీద ఒక్కటి వేసింది.

"గుండీకి భయపడే ఆడిదాన్ని యాడన్న జూసినవా అమ్మా?" అని అరిచాడాయన.

"జెర్రి కనవడితె నువ్వు మంచమెక్కుతవ్ గద. నీ మొఖానికి జెర్రిని రుద్దాల్నారా?"

కొడుకు చొక్కాలన్నీ వాకిట్లో కుప్పపోసి, గుండీలు పటపటా కోసి పెంటకుప్ప మీద పారేసింది.

"బజార్ల ఎట్ల తిరగాలె?"

"మళ్ల కుట్టిచ్చుకో. గని ఇగ నీ అంగీలు నువ్వే పిండుకో."

ఇప్పటికీ ఆయనే పిండుకుంటున్నాడు. పిల్లల స్కూలు బట్టలకు గుండీలు అత్తే పెట్టి పంపేది. "భయం పోకుంటె పోకపాయె బిడ్డా, జర పక్కకు జరిగి బతుకు" అనేది. నా భయం పోలేదు. దానికి ఆ ఇంట్లో చోటు దొరికింది.

మంగళవారం అత్తను పెరట్లో బండ మీద పడుకోబెట్టారు. బట్టలు తీసి నీళ్లు పోయాల్సింది కోడలే.

"ఇయ్యాలన్న నీ యేషాలు బంద్ వెట్టు వదినా. మా అమ్మకు గీ ఒక్క పని జెయ్యలేవా?" అంటూ ఆడబిడ్డ నా మణికట్టు పట్టి గుండీల మీదికి గుంజింది. నేను విదిలించుకున్న ఊపుకు తడిలో జారి పడింది. చూరులో ఉన్న కొడవలి అందుకున్నాను. ఆడవాళ్లు కేకలేశారు. నా బిడ్డ మాత్రం దగ్గరికొచ్చి నాయనమ్మను పక్కకు తిప్పి పట్టుకుంది. కొడవలి మొన ఒంటికి తగలకుండా, మెడ నుంచి నడుము దాకా స్వెటర్ వీపును చీల్చాను. స్వెటర్ చేతులు పట్టి ముందుకు లాగితే ఊడి వచ్చింది.

అత్తకు తలార నీళ్లు పోశాను.

అందరూ లేచాక బండ మీద ఆ స్వెటర్ మిగిలింది, గుండీలన్నీ పెట్టినవి పెట్టినట్టే. పక్కన కొడవలి. దాని పిడి మీద అత్త వేళ్లు అరగదీసిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి.