యాభై అంగలకొక మజిలీ

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే పదకొండేళ్ళ మూడు నెలల వయసులో, నూట నలభై రెండు పౌన్ల జింకను ముప్పావు మైలు దూరం అడవిలోంచి రోడ్డు మీదికి లాక్కురావడం పక్కనే నడుస్తూ చూశాను. అది 1972 నవంబరు 18, శనివారం. బరువు ఆ సాయంత్రం మాంసం కోసే దుకాణంలో కాటా మీద చూసి రాసుకున్నది. దూరం మా పక్కింటి తాత చెప్పింది. ఆ అడవి ఆయనదే కాబట్టి నమ్మాను.

అప్పుడు మేము డెట్రాయిట్ పక్కన ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. మచిలీపట్నం వైపు నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు మాతో కలిపి ఆరు. ఆదివారం వంతులవారీగా ఒకరింటి హాల్లో ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. ప్రార్థనలో పాట ఎత్తుకునేది గుంటూరు అంకుల్. భోజనాల దగ్గర ముందు కూర్చునేదీ ఆయనే. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, ఎవరినైనా 'బ్రదర్' అనే పిలుపు. పక్కింటి తాత మాత్రం అమెరికన్. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. ఉత్తరాన మూడు గంటల దూరంలో ఆయనకి ఒక చెక్క గుడిసె, దాని వెనక అడవి ఉండేవి. ఏటా నవంబరులో వేటకి వెళ్ళేవాడు. ఆ ఏడు నాన్ననీ గుంటూరు అంకుల్‌నీ రమ్మన్నాడు.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. అక్టోబరు రెండో వారంలో నాన్నకి మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది. పరీక్షలకి నవంబరు 27న రమ్మని, అంతవరకూ ఇరవై పౌన్లకి మించి ఎత్తవద్దని, ఆయాసపడే పని చేయవద్దని డాక్టరు చెప్పాడు. ఈ విషయం మా ఇంటి గడప దాటలేదు. నాన్నకి నలభై ఒకటి. ఆఫీసులో పై ఉద్యోగం రాబోతున్న రోజులు. గుండె మాట బయటికి పొక్కితే ఎలా అని ఆయన భయం. చూసి వస్తానంతే, ఏమీ ఎత్తనని అమ్మకి మాటిచ్చి బయల్దేరాడు. అమ్మకి ఆ శనివారం డ్యూటీ. అందుకని నన్ను వెంట పంపింది. పంపేముందు వంటగదిలోకి పిలిచి, నాన్న చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళిందంటే ఆపమంది. ఎలా ఆపాలో తనకీ తెలియదంది. కారెక్కాక నాన్న నా చెవిలో, "వాళ్ళ ముందు ఆ మాటెత్తకు, బంగారం" అన్నాడు. రెండు మాటలూ ఇచ్చేశాను. రెండూ ఎలా నిలుపుకోవాలో తెలియక ఆ మూడు గంటల ప్రయాణంలో ఒక్క బిస్కెట్టూ తినలేదు.

పొద్దున ఎనిమిదీ పదికి నాన్న కాల్చిన ఒకే ఒక్క గుండుకి ఎనిమిది కొమ్మల మగ జింక పడింది. ఆయన జీవితంలో అది మొదటి వేట. తాత దాని పొట్ట శుభ్రం చేసి, నిబంధన ప్రకారం చీటీ కట్టి, తుపాకులన్నీ ఖాళీ చేశాడు. నేల మీద నాలుగంగుళాల మంచు ఉంది. గుంటూరు అంకుల్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"బ్రదర్, తొడ ముక్క నాది. కారప్పొడి, ధనియాలపొడి కార్లోనే ఉన్నాయి!"

నాన్న ఎత్తనన్నాడే గాని లాగనని అనలేదు. పైగా అందుకోసం మూడు శనివారాలు మా గరాజ్‌లో ఒక బండి తయారు చేశాడు. గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీసి, పాత సైకిలు చక్రాలు రెండు పెట్టి, ఇరుసు బిగించి, బరువు ఎటు పడుతుందో లెక్క వేసి మరీ చేశాడు. సిమెంటు నేల మీద అది వేలితో తోస్తే పోయేది. ఆ అడవిలో సిమెంటు ఎక్కడుంది? దేవదారు వేళ్ళూ పడ్డ మానులూ, వాటి మధ్య బురద గుంటలూ ఉన్నాయి. జింకను ఎక్కించి పట్టుమని అరవై గజాలు పోకముందే ఎడమ చక్రం రెండు వేళ్ళ మధ్య ఇరుక్కుని అప్పడంలా వంగిపోయింది.

తాత నవ్వి, "మా డెట్రాయిట్ వాళ్ళతో ఇదే గొడవ. చక్రం లేనిదే అడుగు పడదనుకుంటారు" అన్నాడు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. నాకు ఇప్పుడు తెలుగులోనే గుర్తొస్తుంది.

తరవాత తాత పద్ధతి మొదలైంది. ముందుకాళ్ళు రెండూ పొదలకి తగలకుండా తలకి ఆనించి కట్టాడు. కొమ్ముల మొదట్లో తాడు ముడివేసి, రెండో కొసకి జానెడు కర్రముక్కని పిడిలా బిగించాడు. పిడి లేకపోతే తాడు అరచేతిని కోసేస్తుందట. తాడు పొట్టిగా ఉండాలి. అప్పుడు జింక తల నేల మీంచి లేస్తుంది, మానులకి తట్టుకోదు. లాగడం ఎప్పుడూ తలవైపు నుంచే. వెంట్రుకలు పడుకున్న దిక్కులో లాగితే మంచు మీద సబ్బులా జారుతుంది, ఎదురు లాగితే చీపురులా పట్టేస్తుంది. ఇవన్నీ నేను జేబులో పెట్టుకున్న చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటుంటే గుంటూరు అంకుల్ అసలు చిక్కు తెచ్చిపెట్టాడు.

"మొదటి జింక కొట్టినోడే లాగాలంట బ్రదర్, ఇక్కడ రూలు! నేను వెనక నుంచి ఎంకరేజ్ చేస్తా."

అలాంటి ఆచారం నిజంగానే ఉందని తాత ఒప్పుకోవలసి వచ్చింది. నాన్న కోటు గుండీలు సర్దుకుని పిడి అందుకున్నాడు. మగవాళ్ళు ఒకరి ముందు ఒకరు బరువు లాగేటప్పుడు ఎలా లాగుతారో అప్పుడే చూశాను. ఎక్కడా ఆగకుండా, తల వంచుకుని, పందెం కాసినట్టు ఒకే ఊపున దూరాన ఉన్న పడిపోయిన మాను దాకా లాగేశాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగినప్పుడు ఆయన పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. గుంటూరు అంకుల్ చప్పట్లు కొట్టాడు. చెబితే నాన్నకిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే నాన్నే పోతాడేమో. నాన్న మొహం మీంచి చూపు తిప్పుకోకుండా నిలబడ్డాను.

అప్పుడు తాత నన్ను దగ్గరికి పిలిచి ఒక ఉద్యోగం ఇచ్చాడు. జింక లాగే చోట లెక్కపెట్టే మనిషి ఒకరు ఉండి తీరాలట. లాగేవాడి అంగలు లెక్కపెట్టాలి. యాభై కాగానే 'స్టాప్' అనాలి. ఆ తర్వాత నూరు లెక్కపెట్టేదాకా తాడు ముట్టుకోకూడదు. చదును నేల మీద అంగకి ఒకటి, ఎత్తు మీద అంగకి రెండు, పడ్డ మాను దాటితే పది. లెక్కపెట్టే మనిషి మాటకి అడవిలో ఎదురు లేదట. నన్ను పంపేసి నాన్న దగ్గరికి వెళ్ళి ఆయనతోనూ ఏదో మెల్లగా అన్నాడు. నాన్న నా వైపు చూసి తల ఊపాడు.

నేను ఆ ఉద్యోగం ఎంత కచ్చితంగా చేశానో నా టీచర్లనడిగితే చెప్పేవాళ్ళు. నలభై తొమ్మిది దగ్గర నాన్న "ఆ చెట్టు దాకా, అంతే" అన్నా ఒప్పుకోలేదు. యాభై అన్నాను, తాడు మీద నిలబడ్డాను.

"ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం ఇప్పించండి బ్రదర్ దీనికి, టికెట్లు రాసి పారేస్తుంది!" అన్నాడు అంకుల్.

ఎనిమిది మజిలీలయ్యాక తాత ఇంకో రూలు చెప్పాడు. ఇక మీదట స్నేహితుడు నాలుగు విడతలు, కొట్టినవాడు రెండు విడతలు. గుంటూరు అంకుల్ లబోదిబోమన్నాడు.

"అదేంటండీ! కొట్టింది ఆయన, నాలుగు నాకా?"

తొడ ముక్క ముందే బుక్ చేసుకున్నవాడు ఎక్కువ లాగాలని తాత తీర్పు. నేను దాన్నీ పుస్తకంలోకి ఎక్కించాను. అంకుల్ పిడి పట్టుకుని, నాలుగు విడతలకీ నాలుగు భక్తిగీతాలు మధ్యలో తెగిపోయేలా పాడుతూ, రొప్పుతూ లాగాడు. ఆయన లాగినంతసేపూ నేను ఊపిరి పీల్చుకున్నాను. నాన్న వంతు వచ్చినప్పుడల్లా మళ్ళీ బిగపట్టాను.

డెబ్భై మూడో విడత నాన్నది. రోడ్డుకి ముందున్న చివరి ఎత్తు. అంగకి రెండేసి లెక్కపెడుతున్నాను. ముప్పై ఎనిమిది దగ్గర నాన్న కుడిచేతి తొడుగు పళ్ళతో లాగేసి చెయ్యి కోటు లోపలికి పోనిచ్చాడు. ఎడంచెయ్యి పిడిని వదల్లేదు.

"ఫిఫ్టీ! స్టాప్!" అని అరిచాను.

అంతవరకూ నా జీవితంలో ఒక్క అంకె తప్పు చెప్పి ఎరగను. నాన్న ఆశ్చర్యంగా చూశాడు. అంకుల్ కూడా ఏదో అనబోయాడు. ఈలోగా కింద నుంచి తాత గొంతు వినిపించింది. "యాభయ్యే. నేనూ లెక్కపెడుతున్నాను. ఎత్తు మీద మజిలీకి రెండు వందలు, అమ్మాయీ." నాన్న మంచులోనే కూర్చున్నాడు. రెండు వందలూ ఎంత నిదానంగా లెక్కపెట్టానంటే అంకుల్‌కి కునుకు పట్టింది. నూట అరవై దగ్గర నాన్న పెదవుల్లోకి రంగు వచ్చింది. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తు.

చివరి విడత అందరూ కలిసి లాగాలన్నది మరో రూలు. నాకూ తాడులో చోటిచ్చారు. అంకుల్ "హైలెస్సా" ఎత్తుకున్నాడు. తాతకి అది నోరు తిరగలేదుగాని ఊపు మాత్రం సరిగ్గా కలిపాడు. నాన్న చెయ్యి తాడు మీద ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఒంటిగంటా యాభై నిమిషాలకి జింక రోడ్డు పక్కన ఉంది, నాన్న కారు సీట్లో ఉన్నాడు.

మొత్తం మజిలీలు డెబ్భై నాలుగు. అందులో అంకుల్‌వి నలభై నాలుగు, నాన్నవి ఇరవై తొమ్మిది, అందరిదీ ఒకటి. లెక్క మూడు వేల ఆరు వందల ఎనభై ఎనిమిది. లాగేటప్పుడు ఒక్కో అంగ అడుగున్నర పొడవని వేసుకుంటే, ముప్పావు మైలుకి రెండు వేల ఆరు వందల నలభై అంగలు చాలు. మిగిలిన వెయ్యిన్నీ నలభై ఎనిమిదీ తాత రూళ్ళు పుట్టించిన అంకెలు.

నాన్న సీట్లో నిద్రపోతుంటే నేను తాత దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. అది యాభై కాదు, ముప్పై ఎనిమిదని చెప్పాను. ఆయన ఫ్లాస్కులోంచి కోకో పోస్తూ, తెలుసన్నాడు.

"పొద్దున్నుంచీ నువ్వు జింకను ఒక్కసారైనా చూశావా? మీ నాన్న మొహమే చూస్తున్నావు. అలా చూసే పిల్ల ఊరికే చూడదు."

ఎత్తుకి రెండు, స్నేహితుడికి నాలుగు అనే రూళ్ళు ఎవరు పెట్టారని అడిగాను. అవసరాన్నిబట్టి అప్పటికప్పుడు పెట్టుకునేవేనన్నాడు. అప్పుడు ఏడ్చాను. భయంతో కాదు, నా బరువు దింపుకోవడానికి ఒక చోటు దొరికినందుకు. కోకో రెండు కప్పులు తాగాను, పొద్దుటి బిస్కెట్లన్నీ తిన్నాను.

27న పరీక్షలు చేసి, గుండెకి పోయే నాళం ఒకటి సన్నబడిందని మందులిచ్చారు. ఒకే ఊపున అంత బరువు లాగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. అమ్మ నాన్నతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు జింక కూర వేడి చేసి పెట్టింది. నాన్న ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, మనవలకి సైకిలు నేర్పాడు.

ఆయన పోవడానికి ఏడాది ముందు ఏదో మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. నేను నిన్ను ఎలా కాపాడానో తెలుసా నాన్నా అని గర్వంగా మొదలుపెట్టబోతే, ఆయనే ముందు నవ్వాడు. "ఆ రోజు నీ వల్ల ఎంత ఆలస్యమైందో! పిల్లకి కాళ్ళు పీకుతున్నాయి, పైకి చెప్పలేకపోతోంది, యాభై అంగలకోసారి ఆగుదామా అన్నాడు ఆ పెద్దాయన. నీకోసమే కదా అని ఆగాను. లేకపోతే గంటన్నరలో లాగేసేవాణ్ణి!"

నేను మొదలుపెట్టబోయిన మాట అక్కడే మింగేసి, అవును నాన్నా, చాలా పీకాయి అన్నాను.

ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. మనిషి తన బలహీనత పేరు చెబితే ఆగడు. ఇంకొకరి కోసమంటే ఆగుతాడు. అలసిపోయాక ఆగమంటే పోట్లాడతాడు, అలసిపోకముందే లెక్క ప్రకారం ఆపితే తెలియకుండా ఇల్లు చేరతాడు.

పోయిన మార్చిలో మావారికి గుండెకి ఆపరేషన్ అయింది. రోజూ నడవమన్నారు, మధ్యమధ్య ఆగమన్నారు. నడక వరకే ఆయనకి వినిపించింది. మా వీధి చివరిదాకా ఇరవై నాలుగు మెయిల్‌బాక్సులు ఉన్నాయి. ప్రతి నాలుగో దాని దగ్గర, అయ్యో నా మోకాలు, అని నిలబడతాను. ఆయన ఆగుతారు. నన్ను విసుక్కుంటారు, చెయ్యి అందిస్తారు, నేను మనసులో నూరు లెక్కపెట్టేదాకా ఓపిగ్గా నిలబడతారు. నా మోకాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.