గాజు ముక్కలు కడిగిన ఆమె

నాంపల్లిలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో నాలుగేళ్లు పరిశోధన చేశాను. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని గాజు ముక్క మీద సన్నటి పొరగా పరచడం నా పని. ఆ పొర వెలుతురుని పసిగట్టాలి, చీకట్లో ఊరుకోవాలి. మా పొరల నిండా సూదిమొనంత బెజ్జాలు. వాటిగుండా కరెంటు కారిపోయి, చీకట్లో కూడా మీటరు వెలుతురు ఉన్నట్టే చూపించేది. రెండేళ్లు ద్రావణాలు మార్చాను, వేడి మార్చాను, వానాకాలపు తేమని తిట్టాను.

ల్యాబ్‌లో సామాను కడిగే ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఒకరోజు నేను చెడిన గాజు ముక్కల్ని విసుగ్గా పారేస్తుంటే, నేను కడిగి పెట్టుకున్న కొత్త ముక్కొకటి నీళ్లలో ముంచి పట్టుకుని దగ్గరికొచ్చింది.

“మేడం, ఏమనుకోకుండ్రి. మీ గాజుకు ఇంకా జిడ్డున్నది. గీడ చూడుండ్రి, నీళ్లు బొట్లు బొట్లుగ నిలబడ్డయి. సాఫ్ అయితే ఒక్కతీరుగ పరుసుకుంటయి.”

పుస్తకంలో రాసిపెట్టినన్ని నిమిషాలు నేనే కడుగుతున్నాను కదా అని ఎప్పుడూ అటు చూడలేదు. ఆ రోజు నుంచి నీళ్లు పరుచుకునేదాకా ఆమె కడిగేది, తర్వాతే నేను పొర వేసేదాన్ని. నెల తిరక్కుండా పొర నల్లగా, అద్దంలా వచ్చింది. చీకట్లో మీటరు దాదాపు సున్నా దగ్గర నిలబడింది.

ఆ పొర మీద మా పరిశోధన వ్యాసం అచ్చయింది. మొదటి పేరు మా ప్రొఫెసర్ గారిది, రెండోది ల్యాబ్ గడప తొక్కని ఆయన శిష్యుడిది. నాది చివర. అడగడానికి వెళ్తే తలెత్తకుండానే అన్నారు: “గాజులు బాగా కడిగించావమ్మా, కాదనను. కానీ అది సైన్సు కాదు.”

కళ్లనీళ్లు ఆపుకుంటూ బయటికి వస్తే ఆమె ఎదురైంది.

“మన పని అచ్చుల పడ్డదంట గదా మేడం! నా పేరు గిట్ల ఏసిన్రా?” నవ్వుతూనే అడిగింది.

వ్యాసం చివర కృతజ్ఞతలు రాసింది నేనే. మీటరు అరువిచ్చిన వాళ్లకు, ఇంగ్లీషు దిద్దిన స్నేహితురాలికి రాశాను. ఆమె నాకు గుర్తే రాలేదు.

“ఔ, చివర్ల ఉంది,” అన్నాను.

“జర ఒక కాపీ ఇయ్యుండ్రి, మా బిడ్డకు చూపిస్త.”

అబిడ్స్‌లో జిరాక్స్ తీయించి తెస్తానన్నాను. మరో రెండుసార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. గాజులు మాత్రం అంతే శుభ్రంగా కడిగి పెట్టేది.

ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ప్రొఫెసర్ గారు ఎక్కడైనా ఎదురైతే నిలబడి మాట్లాడగలను. ఆమె కనిపిస్తుందేమోనని మాత్రం ఆ కాలేజీ ముందు నుంచి వెళ్లను.