చెలమ ఎర్రబడితే

మా ఆయన ప్రేమదాసు ఒక్కచోట కాలు నిలిచే మనిషి కాదు. పుట్టింది నందిగామ దగ్గర మునేటి ఒడ్డు పల్లెలో. జగ్గయ్యపేటలో ఇంగ్లీషు మాష్టారుగా పనిచేసే రోజుల్లో శనివారం బడి వదలడం ఆలస్యం, సైకిలెక్కేవాడు. ముక్త్యాలో, వేదాద్రో, ఎక్కడ పడవ దొరికితే అక్కడికి. "ఆదివారం చర్చికైనా రండి మహానుభావా" అని నేను మొత్తుకుంటే, "ఏటి ఒడ్డునే ప్రార్థన చేసుకున్నా లూర్దూ" అనేవాడు. ఒట్టి అబద్ధం. సంచీ విప్పితే చేపల వాసన.

అలాంటి మనిషికి ఆఫ్రికాలో అబిసీనియాలో, అదే ఇప్పటి ఇథియోపియాలో, ఇంగ్లీషు మాష్టార్లు కావాలని పేపర్లో కనపడితే ఆగుతాడా? 1958లో ఇద్దరం వెళ్ళాం. రెండేళ్ళకి సెలవుల్లో వచ్చి మా తమ్ముడు జీవరత్నాన్ని కూడా వెంటబెట్టుకెళ్ళాం. వాడికీ అక్కడి బళ్ళోనే ఉద్యోగం వేయించాడు ఈయన. చిల్లకల్లులో బస్సెక్కేటప్పుడు మా అమ్మ ఆరోగ్యమ్మ వాడి చెయ్యి తీసి మా ఆయన చేతిలో పెట్టింది.

"నాకు వీడొక్కడే మగపిల్లాడు అల్లుడుగారూ. మీ తిరుగుళ్ళకి వీణ్ణి తిప్పమాకండి."

"నేనుండగా వాడికేంటత్తయ్యా!" అని నవ్వాడు. నాకా నవ్వు నచ్చలేదు.

మేమున్నది కొండల మీద చిన్న ఊరు. శుక్రవారం సాయంత్రానికే ఈయన మూట కట్టేవాడు. శనివారం తెల్లారి ఏ లారీవాణ్ణో బతిమాలి, లేదంటే కంచరగాడిద మాట్లాడుకుని, చూడని చోటల్లా చూసి రావడమే పని. మా అమ్మ మాట ఎటు పోయిందో, రత్నం కూడా "బావా, నేనూ" అంటూ తయారయ్యేవాడు. ఆదివారం సాయంత్రం గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూసేదాన్ని. రెండు తలలూ కనపడేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు.

ఒక వారం ఇక పట్టలేక "నేనూ వస్తా" అన్నాను. ఎలాగూ ఆగరు, కళ్ళ ముందైనా ఉంటారని.

లారీ దిగి నడిచి నడిచి ఎండిపోయిన ఒక ఏటికి చేరాం. రెండు పక్కలా నిలువుగా రాతి గట్లు, మధ్యలో ఇరుగ్గా తెల్లటి ఇసక. మా ఆయన మొహం వెలిగిపోయింది. "అచ్చం మన మునేరే!" అన్నాడు.

నేను గట్ల పైకి చూశాను. పైన మేకలు ఎండలో మాడిపోతున్నాయి. కింద చల్లటి నీడ ఉన్నా కాపరులు ఒక్కదాన్నీ దిగనివ్వడం లేదు. వాళ్ళలో ఒక ముసలాయన మమ్మల్ని చూసి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచాడు. మా ఆయన కూడా చేతులూపి దణ్ణం పెట్టాడు. ఇసక మీద ఎక్కడా మనిషి అడుగు లేదు. గట్టు మీది తుమ్మచెట్టు కొమ్మలకి, మనిషికి అందనంత ఎత్తున, ఎండుగడ్డి చుట్టుకుని వేలాడుతోంది.

"అంత ఎత్తున గడ్డి ఎవరు పెట్టారండీ?"

"వరదల్లో చిక్కుకున్నదిలే. ఇప్పుడు వానేదీ?"

"నాకు భయంగా ఉంది. పైకి పోదాం."

"మునేటి ఒడ్డున పుట్టినోణ్ణి. ఏటి సంగతి నాకు చెప్తావా!" అని కూర్చుని చెలమ తవ్వడం మొదలుపెట్టాడు.

మా వైపు వేసవిలో చెలమే దిక్కు. ఏటి ఇసకలో గుంట తీస్తే తేటగా నీళ్ళూరతాయి. ఎగువన ఎక్కడో వానపడి వరద బయల్దేరితే, తోడకుండానే చెలమలో నీళ్ళు పైకొచ్చి ఎర్రబడతాయి. ఆడవాళ్ళు అది చూసి, ఆరేసిన చీరలు మడుచుకుని, కబుర్లాడుకుంటూ ఒడ్డెక్కుతారు. మునేరు వెడల్పు ఏరు. వరద మెల్లిగా పరుచుకుంటూ వస్తుంది.

పులిహోర తిన్నాం. రత్నం చొక్కా ఉతుక్కుని, ఎండ కోసం మలుపు దగ్గర బండ మీద ఆరేసి వచ్చాడు. కాసేపటికి చేతులు కడుగుదామని చూస్తే చెలమ అంచుదాకా నిండి ఉంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏవండీ!" అని కేకేశాను.

ఈయన వచ్చి చూశాడు. భయపడలేదు సరికదా, గర్వపడ్డాడు. "చూశావా! ఏ దేశంలో అయినా ఏరు చెలమకి చెప్పే వస్తుంది. కంగారు పడమాకండి, టైముంది. రత్నం, నీ చొక్కా తెచ్చుకో."

వాడు ఈల వేసుకుంటూ వెళ్ళాడు. నేను దుప్పటీ గిన్నెలూ వదిలేసి, "రారా, చొక్కా వద్దురా" అని అరుస్తూ గట్టెక్కాను. ఈయన గిన్నెలన్నీ తీరిగ్గా సర్దుకుని నా వెనకాలే ఎక్కాడు. అప్పుడు వినపడింది, కొండ అవతల లారీలు వస్తున్నట్టు చప్పుడు. రత్నం చొక్కా భుజాన వేసుకుని మలుపు తిరిగాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. వాడి వెనక నీళ్ళు గోడలా లేచి ఉన్నాయి. ఆ నీళ్ళలో చెట్లున్నాయి. మా ఆయన నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

నా తమ్ముణ్ణి అక్కడే మట్టి చేసి వచ్చేశాం. చిల్లకల్లులో మా ఆయన మా అమ్మ ముందు నిలబడి, "టైముందని చెప్పింది నేనే అత్తయ్యా" అన్నాడు. అమ్మ ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

నందిగామలో ఉద్యోగం దొరికి ఆయన పల్లెలోనే కాపురం పెట్టాం. బడి, ఇల్లు, అంతే. సైకిలు తుప్పు పట్టిపోయింది. వేసవి వస్తే మాత్రం ఏటి ఒడ్డున నిలబడి చెలమల దగ్గరున్న ఆడవాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాడు. "దాసు మాష్టారికి నీళ్ళ పిచ్చి" అని నవ్వేవాళ్ళు. నాకు జాలి వేయలేదు. కోపంతోనే వండాను, కోపంతోనే వడ్డించాను.

ఒక ఏడు తొలకరి ముందు నేనూ చెలమలో నీళ్ళు తోడుతున్నాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒడ్డు మీంచి ఒక కేక వచ్చింది. "పరిగెత్తు రత్నం! పరిగెత్తు!"

ఏరంతా దద్దరిల్లింది. మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె వదిలేసి పరిగెత్తాను. ఒడ్డెక్కగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. మునేరు ఎప్పటిలాగే తీరిగ్గా వచ్చింది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెనక్కి దిగి బిందెలు తెచ్చుకున్నారు. "బోలెడంత టైముంది, నీదీ తెచ్చుకో వదినా" అంది పక్కింటి రాఘవమ్మ. మా ఆయన చెయ్యి వదల్లేదు. నీళ్ళు నిదానంగా వచ్చి, బిందెని ఒరగదోసి, తీసుకుపోయాయి.

ఈ కేక అక్కడ వేసి ఉంటే నా తమ్ముడు బతికేవాడు. ఆ మాట మొహం మీదే అనేద్దామని తిరిగాను.  ఆయన కళ్ళు ఏటి మలుపు మీదే ఉన్నాయి.

"రత్నం ఎవరు వదినా?" అని అడిగింది రాఘవమ్మ.

"మా తమ్ముడు" అన్నాను. చెయ్యి విడిపించుకోలేదు.