గోడ మీద నడిచిన మనిషి

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్క గదిలో అద్దెకుండే తెలుగు టీచరమ్మ రాస్తోంది. అందంగా మార్చొద్దు తల్లీ అని ముందే చెప్పాను.

నా పెనిమిటి పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లికి తీయించుకునేంత స్తోమత మాకెక్కడిది? రేషన్ కార్డు మీద ఒకటుండేది. మా గుడిసెలు కూల్చిన రోజు రేకుపెట్టెతో పాటు అదీ మట్టిలో పోయింది. ఆయన పోయేనాటికి నా కూతురికి రెండేళ్లు. తండ్రి మొహం దానికి తెలియదు. ఒక్కసారి చూపించాలని నా ప్రాణం కొట్టుకునేది.

ఢిల్లీలో బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒక భవనంలో నేను తుడిచే పని చేసేదాన్ని. ఫరీదాబాద్ నుంచి పొద్దున్నే మెట్రోలో వెళ్లేదాన్ని. కిందటి వానాకాలం అక్కడ ఒక చీకటి గదిలో మూడు గోడల మీద సినిమా వేశారు. అందులో కథ లేదు, పాట లేదు. ఒక గోడ మీద కళ్లద్దాల ముసలాయన ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంటాడు. నడిమి గోడ మీద ఆయన కట్టించిన భవనం లేస్తుంటుంది. మూడో గోడ మీద అదే భవనాన్ని యంత్రాలు కొరికి పడేస్తుంటాయి. "పెద్ద ఆర్కిటెక్ట్ అంట ఆంటీ. ఆయనా పోయాడు, కట్టిందీ పోయింది. ఇప్పుడు జనం వచ్చి నిలబడి చూస్తారు" అన్నాడు మా సూపర్‌వైజర్.

ఆ భవనం నాకు తెలుసు. దాని గోడలకు పూత లేదు, రంగు లేదు. కాంక్రీటు పోసేందుకు కట్టిన చెక్కలు విప్పాక వాటి గీతలు గోడ మీద అచ్చుపడి అట్లాగే ఉండాలి, అదే దాని అందం. ఆ చెక్కలు బిగించిన సెంట్రింగ్ వాళ్లలో మా ఆయన ఒకడు. ఒక్క చెక్క వంకరగా కనిపించినా ఆ కళ్లద్దాల సాబు మళ్లీ విప్పించేవాడు. అక్కడే నేను తట్టలు మోశాను. పాలమూరు నుంచి వచ్చిన మేం ఇరవై మందిమి ఆ గోడల నీడలోనే వండుకు తిన్నాం.

మూడో రోజు నడిమి గోడ దగ్గర ఊడుస్తుంటే దాని మీద మా ఆయన వచ్చాడు. భుజాన చెక్క పెట్టుకుని, ఎడమ భుజం ఎత్తి, వాలుగా వేసిన పలక ఎక్కుతూ ఇటు తిరిగి నవ్వాడు. గుక్కెడు నీళ్లు మింగేంత సేపు. చీపురు వదిలేసి, ఆయన మళ్లీ వచ్చేదాకా ఆ గోడ ముందే కూర్చున్నాను.

ఇంటికెళ్లి కూతురితో అన్నాను: "ఆయితారం నాతో రా బిడ్డా. మీ నాయినను జూపిస్త."

"సినిమాలోనా? అచ్ఛా మమ్మీ, మా పాపా హీరోనా?" అని నవ్వింది. నవ్వింది కానీ, వస్తానంది.

ఆదివారం ఇంకా రాలేదు. పెత్రమాస ముందే వచ్చింది. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే రోజు. అందరూ ఫోటోకు బొట్టు పెట్టి ముందర విస్తరి వేస్తారు. నేను ముప్పై ఏళ్లు ఆయన తువ్వాలు ముందర పెట్టాను. ఈసారి మొహం ఉంది కదా అనుకున్నాను. కూతురి భరిణెలోంచి చిటికెడు కుంకుమ కాగితంలో కట్టుకుని వెళ్లాను. జనానికి తలుపులు తెరవకముందు సినిమా వేసి చూసేటప్పుడు గోడ దగ్గర నిలబడి, ఆయన వచ్చి ఇటు తిరిగేసరికి, తడివేలితో నుదుటి మీద అద్దాను.

ఆయన వెళ్లిపోయాడు. బొట్టు గోడకు ఉండిపోయింది. వెనకే ఆ సాబు మొహం ఈ గోడ మీదికీ వచ్చి నిండింది, బొట్టు ఆయన మూతి మీద పడింది. భయమేసి తడిగుడ్డతో తుడిచాను. కొత్త తెల్లరంగు మీద ఎర్రటి మరక చేటంత అయింది.

సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. "అరే ఆంటీ! సాబుకు బొట్టు పెట్టావు, కొబ్బరికాయ కూడా కొట్టకపోయావా?"

"సాబుకు కాదు భయ్యా, నా మొగుడికి. ఆయన ఆగలేదు" అన్నాను.

ఆ సినిమా తీసిన అమ్మాయిని పిలిపించారు. ఆమె తిట్టలేదు. అదే ఇంకా కష్టమైంది. నేను చెప్పిందంతా విని, "ఎవరో చూపించండి, ఆపి ఫోటో తీసిస్తాను" అంది. ఆమె చేతులు పట్టుకున్నాను. సినిమా నడిపింది, నేను అరిచిన చోట ఆపింది.

ఆపితే మొహం లేదు. బూడిద రంగు గింజలు, కళ్లుండాల్సిన చోట రెండు నల్లటి మరకలు.

"పెద్దది చెయ్ దీదీ."

చేసింది. గింజలు పెద్దవయ్యాయి, మనిషి ఇంకా పోయాడు.

"అసలు రీల్లోనే ఇంతే ఉంది ఆంటీ. కెమెరా గోడను తీసింది. వీళ్లు అడ్డం వచ్చారు, అంతే" అంది, తల దించుకుని.

సాబు చెవుల మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు ఆ సినిమాలో.

మళ్లీ నడిపించమన్నాను. నడిపించింది. అదే చెక్క, అదే నడక. కానీ ఈసారి ఆ గింజలే కనిపించాయి. ఆ పనిలో భుజం ఎత్తి నడవనిది ఎవరు? అందరూ చెక్కలు మోసినవాళ్లే. నవ్వాడో, ఎండకు మొహం చిట్లించాడో కూడా చెప్పలేకపోయాను.

మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. ఆ అమ్మాయి మాత్రం ఆ బొమ్మను మందపాటి కాగితం మీద తీసి ఇచ్చింది. కూతురు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తలకిందులు చేసి, మళ్లీ తిప్పింది.

"మమ్మీ, యే తో కోయీ భీ హో సక్తా హై. ఇది ఎవరైనా కావచ్చు కదా."

కాగితం నా ముందుకు తెచ్చి పట్టుకుంది.

"ఆయన ముక్కు నా ముక్కులాగే ఉండేదంటావుగా. ఇందులో ముక్కేది?"

ఇన్నాళ్లూ అది అడిగినప్పుడల్లా కళ్లు మూసుకుని, ఆయనను చూసి చెప్పేదాన్ని. అప్పుడూ మూసుకున్నాను. కాగితం మీది బూడిద గింజలే వచ్చాయి. ఇప్పటికీ అవే వస్తున్నాయి.