మా అత్త కారూ, నా ఎడమ కాలూ

ఎడమ కాలికి పని లేని కారు అసలు కారే కాదని మా ఊరి కుర్రాళ్ళం గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. మరీ పాత కాలమేమీ కాదు. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి, ఊరి చుట్టూ రొయ్యల గుంటలు ఉన్నాయి, ముత్తుకూరు రోడ్డు మీద పోర్టు లారీలు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి. అయినా కారు తోలడమంటే మాకు క్లచ్చి తొక్కడం, గేరు వెయ్యడం, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా రెండు కాళ్ళ మీదా నిలబెట్టడం. ఆ విద్య వచ్చినవాడికి పెళ్ళి ప్రయాణాల్లో ముందు సీటు, ఆసుపత్రి ప్రయాణాల్లో అడక్కుండానే కాఫీ దొరికేవి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ముత్తుకూరు దగ్గర ఒక సరుకు రవాణా ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చింది, మేనమామ పాత జీపు మీద డ్రైవింగూ వచ్చింది. ఇక లోకంలో నేను నేర్చుకోవలసింది పెద్దగా మిగల్లేదని నా అభిప్రాయం. (ఇంట్లో వాళ్ళ అభిప్రాయం వేరు. నన్నెవరూ అడక్కపోయినా నేను మాత్రం నా అభిప్రాయం చెబుతుండేవాణ్ణి.)

మా అత్త, అంటే నాన్నకు అక్క, పక్క ఊరి స్కూల్లో లెక్కల టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. తోటపల్లి గూడూరు దాటాక ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి పక్క పోర్షన్‌లోనే ఉండేది. సైకిలు ఎక్కలేదు, స్కూటరు తోలలేదు. రోజూ పొద్దున సంచి భుజాన వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. నాన్న స్నానం, నాన్న టిఫిను, నాన్నకొచ్చిన ఫోను అన్నీ అయ్యాక స్కూటరు బయటికి వచ్చేది. నాన్న ఊళ్ళో లేకపోతే ఆటో. ఆ ఆటో నిండితే గానీ కదలదు. ఏ పెళ్ళికి వెళ్ళినా తనకు ఉండాలనిపించినంతసేపు ఉండటమనేది లేదు, తీసుకొచ్చిన వాళ్ళు లేస్తే తనూ లేవాల్సిందే. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. కాబట్టి ఆమెకు విసుగే లేదని మేమందరం తీర్మానించుకున్నాం.

అలాంటి మనిషి ఒక సాయంత్రం మా వంటింటి గుమ్మంలో కూర్చుని, బెండకాయలు తరుగుతూ, "కోవూరులో ఒక డాక్టరమ్మ కారు అమ్ముతా ఉండాది. ఆటోమాటిక్కు. క్లచ్చి ఉండదు, ఉండేవి బ్రేకు, యాక్సిలేటరు రెండే, రెండూ కుడికాలితోనే తొక్కేది. నాలాటోళ్ళకి దానికి లైసెన్సు కూడా ఇస్తారంట. బేరం మాట్లాడేసినాను" అంది. అమ్మ చేతిలో అట్లకాడ అట్లాగే ఆగిపోయింది. అట్టు మాడింది.

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ తిప్పలు?" అన్నాడు నాన్న. "యాడికి పోవాలన్నా నేను లేనా?"

"ఉండావు" అంది అత్త. "అందుకే నీకు చెప్పి కొంటా ఉండా."

నాన్నకు ఇది చాలా కష్టంగా తోచింది. అక్క అంటే ఆయనకు ప్రాణం. ఆమెను దింపడం, తీసుకురావడం తన బాధ్యత అనుకుంటూ పెద్దవాడైన మనిషి. ఆ బాధ్యత అక్కర్లేదంటే తనే అక్కర్లేదన్నట్టు వినిపించింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఒక షరతు పెట్టాడు. లైసెన్సు వచ్చాక ముందు ఒక ఆదివారం అందరితో కలిసి గుడికి (చర్చిని మా ఇళ్ళల్లో గుడే అంటాం) కారు తోలుకు రావాలి. అది సజావుగా జరిగితే మరుసటి రోజు నుంచి ఒక్కతే బడికి వెళ్ళొచ్చు. జరగకపోతే కారు అమ్మెయ్యాలి. అత్త "సరే" అంది. నేర్పించే బాధ్యత, ఇంకెవరూ ఖాళీగా లేరు గనుక, నాకు దక్కింది.

కారును కోవూరు నుంచి ఇంటికి తెచ్చింది నేనే. పక్కసీట్లో అత్త. పెన్నా వంతెన దిగి, ముందు వెళ్తున్న గడ్డి ట్రాక్టరు నెమ్మదించగానే, గేరు తగ్గిద్దామని నా ఎడమ కాలు అలవాటుగా క్లచ్చి తొక్కింది. క్లచ్చి లేదు కదా, ఆ చోట వెడల్పుగా ఉన్నది బ్రేకు. క్లచ్చిని తొక్కినంత గట్టిగా బ్రేకును తొక్కితే ఏమవుతుందో నాకు ఆరోజే తెలిసింది. కారు ఉన్నచోటే కొయ్యబారిపోయింది, అత్త కళ్ళజోడు వెళ్ళి ముందు అద్దానికి తగిలింది, వెనకనుంచి ఆటోవాడు మా వంశాన్నంతా పలకరించి వెళ్ళాడు.

"ఏందబ్బయా, ఎవురన్నా అడ్డమొచ్చినారా?" అంది అత్త కళ్ళజోడు వెతుక్కుంటూ.

"లేదత్తా, బ్రేకు టెస్టు చేసినాను" అన్నాను.

నెల్లూరు దాటేలోపు ఇంకో రెండుసార్లు టెస్టు చేశాను. చివరిసారి ఆమె కళ్ళజోడు ముందే తీసి సంచిలో పెట్టుకుని, "ఇంక చాల్లే, బ్రేకు పాసయింది. ఆ ఎడమ కాలుని సీటు కిందికి మడిచి పెట్టుకో. దానికి ఇక్కడ పని లేదు" అంది.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు సాయంత్రాలు రొయ్యల గుంటల పక్క మట్టిరోడ్డు మీద పాఠాలు జరిగాయి. పాఠాలు జరిగాయన్నది నా మాట. నిజానికి జరిగింది ఏమిటంటే, కారుతో వచ్చిన పుస్తకాన్ని అత్త లెక్కల పుస్తకం చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదువుకుని వచ్చేది, నేను పక్కన కూర్చుని దానికి వ్యతిరేకంగా చెప్పేవాణ్ణి. "కాలు తీసెయ్యత్తా, ఆగిపోతాది" అన్నాను ఒకసారి. బ్రేకు మీంచి కాలు తీస్తే ఈ కారు ఆగదు, తనంతట తనే మెల్లగా ముందుకు పాకుతుంది. అలా పాకి వెళ్ళి గట్టు మీద ఎవరో ఆరబెట్టుకున్న వలను ముద్దు పెట్టుకుంది. "కాలు తీస్తే కదలతాదని ఇరవయ్యో పేజీలో ఉండాది గదా" అంది అత్త, వల గలాయనకు క్షమాపణ చెప్పి వచ్చాక. ఆమె కాలికి పాత అలవాట్లేమీ లేవు. మా అందరికీ చేత్తో, కాలితో వచ్చిన విద్య ఏదీ ఆమెకు రాదు కనుక మరిచిపోవలసిందీ ఏమీ లేదు. బ్రేకు తొక్కితేనే గేరు కదపడం, కారు పూర్తిగా నిలిచాకే వెనక్కి వెయ్యడం ఎప్పుడూ తప్పలేదు. నిలిపేటప్పుడైతే ఎక్కం అప్పజెప్పినట్టు పైకే అనుకునేది: "బ్రేకు మీద కాలు. చేతి బ్రేకు. అప్పుడు పి. అప్పుడు తాళం." పి అంటే బండి నిలిపి వెళ్ళేటప్పుడు పెట్టే గేరు. అందులో ఉంటే చక్రాలు బిగుసుకుపోతాయి, ఎవరు నెట్టినా కదలదు. నాకు మాత్రం ఇంత తతంగం అనవసరం అనిపించేది.

లైసెన్సు వచ్చింది. ఆ ఆదివారం నాన్న, అమ్మ వెనక సీట్లో, నేను గురువు హోదాలో ముందు సీట్లో కూర్చుని గుడికి బయల్దేరాం. ఆ రోజు ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందు కూడా ఉండటంతో ఆవరణంతా బళ్ళతో నిండిపోయింది. మా గుడి ఆవరణకు ఒక ఆచారం ఉంది. స్థలం చిన్నది, కార్లు ఎక్కువ. అందుకని ఎవరూ గేరులో పెట్టకూడదు, చేతి బ్రేకు వెయ్యకూడదు. బండిని న్యూట్రల్‌లో వదిలి వచ్చి కూర్చుంటే, దారి కావలసినవాళ్ళు ముందున్న కార్లను చేత్తో నెట్టుకుని వెళ్ళిపోతారు. ఈ ఏర్పాటును నడిపేది, ప్రతి ఆదివారం గేటు దగ్గర నిలబడే పెద్దమనిషి. ఊరంతా ఆయన్ని గేటు మామ అనేవాళ్ళు. నడుముతో కారును నెట్టడంలో ఆయనకు మంచి పేరు.

"టీచరమ్మా, నూట్రల్లో పెట్టి వచ్చెయ్యండి. చేతి బ్రేకు ఎయ్యబాకండి" అన్నాడు గేటు మామ.

"పిలో పెట్టకపోతే తాళం బయటికి రాదన్నా" అంది అత్త.

"రాకపోతే ఉండనీండి. దేవుని గుడికాడ కారు ఎవురెత్తుకపోతారు?"

"అందరూ పెట్టినట్టే పెట్టక్కా" అన్నాడు నాన్న వెనకనుంచి. నేను గంభీరంగా తల ఊపాను. అత్త ఒక్క క్షణం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని, ఎన్‌లోకి మార్చి, ఇంజను ఆపి, తాళం దానికే వదిలేసి దిగింది.

పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్ళు మూసుకున్నాం. (విందు వాసనకు నేను మధ్యమధ్య తెరుస్తున్నాను.) ఆ సమయంలో బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నీళ్ళ డబ్బాల బండి బయటికి వెళ్ళాలంటే గేటు మామ అత్త కారును కాస్త నెట్టి, ఆ బండిని సాగనంపడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు. కారు చదును దాటి పల్లంలోకి దిగింది. ఇక దానికి ఎవరి నడుమూ అక్కర్లేదు. లోపల అయ్యగారు "సమాధానము మీకు కలుగును గాక" అంటుండగా బయట ఫెళఫెళమని ఒక చప్పుడు. విందు కోసం తెప్పించి ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలన్నీ కూలాయి. మేము పరుగెత్తి చూసేసరికి కారు ముందు భాగం కుర్చీల గుట్టలో దూరి ఉంది. ఆ గుట్టకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, సండే స్కూలు పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చుని ఉన్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నేను ఆ పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. కారుకు చిన్న గీత కూడా పడలేదు, కానీ ఎవరికీ నవ్వు రాలేదు. మగవాళ్ళందరూ చుట్టూ చేరారు. ఆ ఆవరణలో అంతకు ముందూ కార్లు దొర్లాయి. ఒకాయన కారు గోడకు గుద్దుకుంటే పల్లాన్ని తిట్టుకున్నారు, ఇంకొకాయనది కొళాయి విరగ్గొడితే కొళాయిని అక్కడ పెట్టినవాణ్ణి తిట్టుకున్నారు. ఆ రోజు మాత్రం అందరి చూపూ తిన్నగా అత్త కాలి మీదికి వెళ్ళింది. "పాపం, ఆమెకి కుదరదులే" అన్నారెవరో మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"చెప్తే వినకపోతివక్కా" అన్నాడు నాన్న. "పిల్లోళ్ళకి ఏమన్నా అయ్యుంటే? ఇంక ఈ కారు వద్దు. ఎప్పటిమాదిరి నేను దింపతా."

అత్త పిల్లల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా కారు దగ్గరికి నడిచింది.

"నాకు తోలడం రాక దొర్లలేదు తమ్ముడా ఇది. నిలపడం తెలిసి కూడా, మీ అందరి మాటా విని నిలపకుండా వచ్చినాను. ఇంక వినను. పిలో పెడతాను, చేతి బ్రేకు ఏస్తాను, తాళం నా సంచిలో ఏసుకుంటాను. ఎవురికన్నా దారి కావాలంటే వచ్చి నన్ను పిలవండి, తీస్తాను. నా నడక మీకు తెలిసిందే, రావడానికి కొంచెంసేపు పడతాది. నిలబడండి. నేను ఇన్నేళ్ళూ మీ అందరి కోసరం నిలబడినాను గదా, మీరు ఆ కొంచెంసేపు నిలబడండి."

ఆమె కారెక్కి, బ్రేకు తొక్కి, వెనక్కి తీసి, చదునులో తెచ్చి నిలిపింది. ఎక్కం పైకే చెప్పుకుంది. ఈసారి అందరికీ వినిపించేట్టు చెప్పుకుంది.

అది అక్కడితో అయిపోలేదు. విందు సగంలో ఉండగా ఐసు ఫ్యాక్టరీ ఆయన జీపు బయటికి తియ్యాల్సి వచ్చింది. దారికి అడ్డం అత్త కారు. గేటు మామ అలవాటుగా నడుము ఆనించాడు. కదల్లేదు. ఇంకొకరు కలిశారు. కదల్లేదు. చివరికి గేటు మామ పంక్తి దగ్గరికి వచ్చి, కండువా సర్దుకుని, "టీచరమ్మా, ఒకసారి వస్తారా" అన్నాడు. అత్త చెయ్యి కడుక్కుని లేచింది. ఆ ఆవరణ ఒక చివర నుంచి ఇంకో చివరికి ఆమె తన నడకలో తను నడిచింది, తొందరపడలేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయన జీపు పక్కన, గేటు మామ గేటు పక్కన, మా నాన్న ఎంగిలి చేత్తో అరుగు మీద నిలబడ్డారు. ఆమెను అంతసేపు, అంత ఓపికగా ఎవరైనా చూడటం నేను అంతకు ముందు చూడలేదు. ఆమె వచ్చి, కారు తీసి, జీపు వెళ్ళాక మళ్ళీ నిలిపి, తిరిగి వెళ్ళి చల్లారిన అన్నం తింది. నాన్న వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, కూర తనే వడ్డించాడు. కారు అమ్మడం గురించి ఇక ఎత్తలేదు.

మరుసటి రోజు సోమవారం. నేను తల దువ్వుకుని, గురువుకు తగ్గట్టు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. అత్త సంచి వెనక సీట్లో పెట్టి, నా వైపు తిరిగి, "నువ్వు దిగబ్బయా. ఈ పొద్దు నేనొక్కదాన్నే పోతాను" అంది. దిగాను. కారు గేటు దాటి, రొయ్యల గుంటల వైపు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. నాకు చాలా చిన్నతనమనిపించింది. ఇంత నేర్పిస్తే ఇదా మర్యాద అనుకున్నాను. యాభై దాటిన ఒక మనిషి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరినీ అడక్కుండా, తనంతట తను ఒక చోటికి పోతోందన్న సంగతి ఆ గురువుగారికి తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. ఎందుకంటే ఆరోజు ఆయన బాధంతా ఒక్కటే, వెళ్తూ వెళ్తూ ఆమె తనకు చెయ్యి ఊపలేదని. కారు నడుస్తున్నంతసేపూ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాలని ఆమెకు చెప్పింది మరి ఆయనే. ఆయన నేర్పినవాటిలో సరైనది అదొక్కటే.