వెనక్కి తీసుకోలేని సాక్ష్యం

కరోనా ఎవరిని ఎక్కువగా చంపుతుందో టీవీలో ఒక డాక్టరు చెబుతుంటే, ఆయన మా అన్నను వర్ణిస్తున్నాడేమో అనిపించింది. వయసు యాభై దాటి ఉండాలి. మగవాడై ఉండాలి. పొట్ట ఉండాలి. సుగర్, బీపీ ఉంటే ఇక అడగనక్కర్లేదు. మా నంద్యాల వైపు పెళ్ళిలో ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టే పెద్దమనిషి లక్షణాలు కూడా ఇవే. జబ్బుకు మర్యాద తెలుసు అనుకున్నాను.

అన్నకు ఆళ్ళగడ్డలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉండేది. రుద్రవరం నుంచి వచ్చే రైతులు ఒక ఆకు తెచ్చి చూపిస్తే తెగులు పేరు చెప్పేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను తిట్టేవాడు. తనకు సుగర్ ఉందని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం, "ఆ డాక్టరుకు అనుభవం తక్కువ పాపా" అన్నాడు. నాకు నలభై దాటినా ఆయనకు నేను పాపనే.

అయినా మాత్రలు వేసుకున్నాడు. పొద్దున నడిచాడు. అన్నం తగ్గించి రాగి సంగటి తిన్నాడు. కొన్ని నెలలకు రక్తపరీక్ష మామూలుగా వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పే సమయానికి లేచి నిలబడ్డాడు. ప్రభువు తన సుగర్‌ను తీసివేశాడని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు దేవునికి స్తోత్రం చెప్పి, "మాత్రలు మాత్రం ఆపొద్దన్నా, నేనూ బీపీకి యేసుకుంటాండా" అన్నారు. ఆ రెండో మాట చప్పట్లలో కలిసిపోయింది. అందుకే మా అన్న చావుకు అయ్యగారిని గానీ, దేవుణ్ణి గానీ నేను ఏమీ అనను. ఇద్దరూ మాత్రలకు అడ్డుపడలేదు.

మాత్రలు ఆపితే సుగర్ మళ్ళీ వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కానీ మా చర్చిలో సాక్ష్యం చెప్పే పద్ధతి ఉంది గానీ, చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. ఆళ్ళగడ్డలో ఏ మందుల అంగడికి పోయినా మా చర్చి మనిషి ఒకడు ఎదురవుతాడు. కాబట్టి మా అన్న నెలకొకసారి బస్సెక్కి నంద్యాల వచ్చేవాడు. నేను పనిచేసే కాలేజీ వెనక వీధిలో మాత్రలు కొనుక్కుని, మా ఇంట్లో భోంచేసి పోయేవాడు.

"ఏందన్నా, దేవుడు ఆళ్ళగడ్డలో తీసేసిన సుగర్ నంద్యాల బస్టాండులో దిగుతానే మళ్ళీ వస్తాందా?" అని అడిగేదాన్ని.

"గట్టిగా అరవాకు పాపా. కిటికీ తెరిచి ఉండాది."

"నంద్యాలలో నిన్నెవురు గుర్తుపడతారు?"

"నీకేం తెలుసు. మనోళ్ళు యాడైనా ఉంటారు."

లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగిపోయాయి. మాత్రలు అయిపోయాయి. నేను పంపిస్తానంటే వద్దన్నాడు. పంపితే ఎవరో ఒకరి చేతికివ్వాలి, వాళ్ళు పొట్లం విప్పి చూస్తారు. బస్సులు మళ్ళీ తిరిగాక కూడా రాలేదు. ఒంట్లో బాగానే ఉందట. సుగర్ నొప్పి పెట్టదు కదా. అదే దాని మంచితనం, అదే దాని మోసం.

తర్వాతి ఎండాకాలానికి టీకాలు వచ్చాయి. పెద్ద జబ్బులున్నవాళ్ళు ముందు రమ్మని ఆరోగ్య కార్యకర్త ఇల్లిల్లూ తిరిగింది. మా వదిన చెప్పింది ఈ సంగతి. ఆ అమ్మాయి గడపలో నిలబడి "సుగర్, బీపీ ఏమన్నా ఉండాయా అన్నా?" అని అడిగితే, ఆయన ఛాతీ విరుచుకుని "మా ఇంట్లో ఏమీ లేవమ్మా. రోగాలున్నోళ్ళకు యేసుకో పో" అన్నాడట. వదిన లోపల నుంచి గంటె చప్పుడు చేసింది. ఆయనకు అర్థమయింది. "చప్పుడు చేయాకు, పాలు పొంగుతాయి" అన్నాడట.

ఆ ఎండలు ముదిరేలోపల జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం. చర్చి సంఘ పెద్ద ఒకాయన తన కారు తెచ్చి నంద్యాలకు తీసుకొచ్చాడు. ఆ రోజుల్లో కరోనా రోగిని కారెక్కించుకున్నాడంటే ఆయన గుండె గట్టిది. నేను ఆసుపత్రి దగ్గర కలిశాను.

మంచాలు నిండిపోయి, అన్నను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చిన్నవాడు, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. "సుగర్ ఉందా పెద్దాయనా? బీపీ? గుండె జబ్బు? కిడ్నీ? టీకా వేసుకున్నారా?" అని గడగడా అడిగాడు. సుగర్ ఉంటే ఇప్పుడు ఇవ్వబోయే మందుతో అది ఇంకా పెరుగుతుందని, నిజం చెప్పమని అన్నాడు.

మా అన్న డాక్టరు వైపు చూడలేదు. పక్కనే నిలబడిన సంఘ పెద్ద వైపు చూశాడు. మాస్కుతోనే తల అడ్డంగా ఊపాడు. లేదు.

"ఉండాది సార్" అన్నాను. "సుగర్ ఉండాది, బీపీ ఉండాది. మాత్రలు ఆపి ఏడాది దాటింది. టీకా యేసుకోలే."

అన్న నా వైపు చూశాడు. చిన్నప్పుడు నాయనకు చాడీలు చెప్పినప్పుడు చూసే చూపు అది. ఆయన నన్ను చూసిన చివరి చూపు కూడా అదే. చివరి చూపుల గురించి పుస్తకాల్లో చాలా చదివాను. వాటిలో ఎవరూ ఇంత కోపంగా చూడరు.

నర్సు వేలు పొడిచి రక్తం చూసింది. మిషన్ అంకె చూపించలేక చేతులెత్తేసింది, అంత ఎక్కువ. సంఘ పెద్ద కూడా చూశాడు. "మాకు చెప్పింటే ఏమంటుంటిమప్పా" అని మాత్రం అన్నాడు.

అన్న ఆ వారంలోనే పోయాడు. తర్వాత నేను డాక్టరును అడిగాను. వయసు, బరువు, బీపీ, అదుపు తప్పిన సుగర్, టీకా లేకపోవడం, అన్నీ కలిశాయన్నాడు. ఇవేవీ లేనివాళ్ళూ పోతున్నారు, అన్నీ ఉన్నవాళ్ళూ బతుకుతున్నారు అన్నాడు. మాత్రలూ టీకా వేసుకుని ఉంటే బతికేవాడని హామీ ఇవ్వలేను గానీ, అవకాశం బాగా ఉండేదన్నాడు. ఓదార్పు కోసం అబద్ధం చెప్పలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం.

చర్చి మళ్ళీ తెరిచాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అయ్యగారు మా అన్న మంచితనం గురించి చెప్పారు, అంగడి గురించి చెప్పారు. "ఆయన సుగర్‌ను ప్రభువు ముట్టి..." అని మొదలుపెట్టారు. మా వదిన లేచి నిలబడింది.

"ఆ మాట వద్దయ్యగారూ. ఆయప్పకు సుగర్ పోలేదు. ఉన్నిందని చెప్పుకోలేక పోయినాడు."

నేను నేల వైపు చూస్తున్నాను. ముందు వరసలో సంఘ పెద్ద లేచాడు.

"నాకూ ఉండాది" అన్నాడు. "పదేండ్లాయ."

"నాకు బీపీ" అంది వెనక నుంచి ఒకామె.

"నాకు రెండూ ఉండాయి" అన్నాడు ఇంకొకాయన, కొంచెం గర్వంగానే.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. గుండెలో స్టెంటు వేసుకున్నానని ఒకరు, కిడ్నీకి మందు వాడుతున్నానని ఒకరు. అయ్యగారు బైబిలు మూసి పెట్టుకుని విన్నారు. ఒక అవ్వ మాత్రం విసుక్కుంది. "బేగా ముగించు అయ్యగారూ, మాత్ర యేసుకుని వచ్చినా, ఇంకా ఏమీ తినలే, కండ్లు తిరుగుతాండాయి."

వదిన నా పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంతమంది ఉండారని తెలిసింటే ఆయప్ప చెప్తుండె కదా పాపా."

"చెప్తుండె వదినా" అన్నాను. "అందరికంటే నాకే ఎక్కువుండాదని కొట్లాడుతుండె."

వదినకు నవ్వొచ్చింది. అప్పటికే అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. మేమిద్దరం తలలు వంచుకున్నాం.