మా అమ్మాయి తిన్న కాయం

ఆ మాట మొదట నా చెవిన వేసింది మా వీధికి చేపలు తెచ్చే ఆమె. పొద్దున్నే గుమ్మం ముందు గంప దించి, నేను కానాగంతలు ఏరుకుంటుంటే వాటి మీద నీళ్ళు చిలకరిస్తూ, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది.

"ఏందక్కా, కాయం చెయ్యడం మానుకున్నావంట?"

"ఎవరన్నారు?"

"ఎవురో ఎందుకంటారు? మీ అమ్మాయే ఆ తడ ఊరి నుంచి వచ్చిన కోడలికి ఫోన్ చేసి చెప్పిందంట, కాన్పుకి కాయం చేసి పెట్టమని. తల్లి ఇంట్లో ఉండంగా బిడ్డ బయట చెప్పుకుంటాదా? అందుకే నువ్వు మానుకున్నావేమో అనుకున్నా."

నా చేతిలో చేపను గంపలో పడేశాను. "నీ చేపలు మెత్తబడినాయి, తీసుకుపో" అన్నాను.

"నా మీద కోపం చేపల మీద చూపించబాకక్కా. పాపం, అవి ముందే చచ్చినాయి" అని నవ్వుకుంటూ గంప నెత్తికెత్తుకుంది.

ఈ కాలం పిల్లలకు కాయమంటే తెలియకపోవచ్చు. కాన్పయిన తల్లికి ఒంట్లో వేడి నిలవడానికి, పాలు పడటానికి, పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత ముద్ద పెడతారు. అదే కాయం. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము కచ్చాపచ్చాగా దంచి బిందెడు నీళ్ళలో వేసి, అది చెంబెడయ్యేదాకా కాచాలి. వడగట్టిన ఆ కషాయంలో బెల్లం పాకం పట్టి, మెత్తటి పొడి చల్లి, నువ్వుల నూనె, నెయ్యి పోస్తూ మూకుడు అంచు వదిలేదాకా తిప్పాలి. మా అమ్మ నుంచి నాకు వచ్చిన ఆస్తి అదే. నేను బడికి పోలేదు. అక్షరాలు మా నాన్న అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించాడు, ఆకులూ వేర్లూ అమ్మ పెరట్లో నేర్పింది. ఏ తల్లిదండ్రులు ఇంతకన్నా ఇస్తారని రోజూ దీపం పెట్టేటప్పుడు వాళ్ళకు దణ్ణం పెట్టుకుంటాను.

అమ్మ నాకు మందుతో పాటు కట్టుబాట్లు కూడా ఇచ్చింది. కాయానికి చేసే ఇంటి బావినీళ్ళే వాడాలి, కొన్న నీళ్ళు కూడదు. మొదటి ముద్ద స్వామికి పెట్టాలి. బాలింత సొమ్ము బాలింతే తినాలి. చేసే మనిషి నాలిక్కి తగిలితే గుణం పోతుంది. ఇన్నేళ్ళూ ఈ చేత్తో ఎంతమందికో కాయం చేశాను గానీ, వేలి కొసన అంటుకున్నది కూడా నాకలేదు. చెయ్యి కడిగేసుకునేదాన్ని. "ఆమెది హస్తవాసి" అని ఊళ్ళో అంటుంటే ఆ గొప్ప స్వామిదేనని పైకి అనేదాన్ని. లోపల మాత్రం కాస్త నాదని కూడా అనుకునేదాన్ని.

అట్లాంటి ఊళ్ళోకి చేపలామె చెప్పిన ఆ పిల్ల తడ నుంచి కోడలిగా వచ్చింది. సముద్రం వైపు వీధిలో, చేపల వలలు ఆరేసే ఇంట్లో కాపురం. తాటిబెల్లంతో కాయం చేస్తుందని, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుందని ఒకరూ ఇద్దరూ చెప్పుకోవడం మొదలైంది. ఆమె చిన్న డబ్బాల్లో పెట్టి ఇచ్చేది, ఫోన్లో ఫొటోలు పెట్టేది. నేను ఇస్తరాకులో కట్టి ఇచ్చేదాన్ని. రానురాను మా గుమ్మం ఎక్కే వాళ్ళు తగ్గారు. దురదలకు పిప్పింటాకు పసరు కావాలన్నా, పిల్లల దగ్గుకు తమలపాకు రసం కావాలన్నా వచ్చేవారు. కాయం ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. దారిలో ఎదురైతే ఆ తడ కోడలు "బాగుండావా అక్కా" అని చేతులు జోడించేది. ఆ జోడించిన చేతుల్నే చూసేదాన్ని నేను. నాకంటే చిన్న చేతులు. గాజుల మధ్య పసుపు మరకలు. ఆ చేతుల్లో ఏముందని అందరూ పోతున్నారు? కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. సాయంత్రం దీపం ముందు కూర్చుని అందరి పేరునా మొక్కుకునేటప్పుడు ఆమె పేరు దగ్గర నా నోరు ఆగిపోయేది. ఆమెకు చెడు జరగాలని కోరుకోలేదు, ఆ స్వామికే తెలుసు. తడకు తిరిగి పోతే బాగుండునని మాత్రం అనుకున్నాను.

ఊరంతా పోయినా ఓర్చుకున్నాను. నా కడుపున పుట్టిన బిడ్డ కూడా పోతుందని కలలో అనుకోలేదు.

అమ్మాయి పురిటికి ఇంటికొచ్చింది. నేనేమీ అడగలేదు, అది ఏమీ చెప్పలేదు. దేవుడి దయవల్ల నెల్లూరు ఆసుపత్రిలో సుఖంగా ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి రాకముందే నేను రోలు కడిగి, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా కాయం చేశాను. ఇంటికొచ్చిన మర్నాడు స్వామికి ముద్ద పెట్టి, రెండో ముద్ద తెచ్చి అమ్మాయి నోటికందించాను. నోట్లో పెట్టుకుంది. బుగ్గన పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

"మింగమ్మా."

"మింగతాలే."

నేను బిడ్డకు గుడ్డలు తేవడానికి పెరట్లోకి పోయి వచ్చేసరికి దాని నోరు ఖాళీగా ఉంది, కిటికీ బయట మందారం మొదట్లో నల్లటి ముద్ద పడి ఉంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"ఆమె డబ్బా ఎప్పుడొస్తాదో చెప్పు, గుమ్మంలో హారతి పట్టుకుని నిలబడతా" అన్నాను.

"అమ్మా, నీ మీద ఒట్టు. తిన్నోళ్ళు నాతో చెప్పినట్టే, నీ మందు నోట్లో పెట్టుకోలేకుండా ఉండాను. నీకెట్లా చెప్పాలో తెలీక..."

"మందు మందులాగే ఉంటాది. పాయసంలాగా ఉంటాదా?"

అది ఏడ్చింది. బాలింతను ఏడిపించానని నేనూ ఏడ్చాను. అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. తడ కోడలు, చేతిలో డబ్బా. సంగతి ఆమెకు అర్థమైనట్టుంది, డబ్బాను చీర కొంగు కింద దాచబోయింది.

"దాయడమెందుకమ్మా, రా" అన్నాను. "అమ్మాయి నీ కోసమే కాచుకోనుండాది."

ఆమె వచ్చి పీట మీద కూర్చుంది. బిడ్డను చూసి మురిసిపోయింది. నాకు మనసు ఊరుకోలేదు. నా కాయం గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. "నువ్వు పెద్ద హస్తవాసి గలదానివి గదా. దీంట్లో లోపమేందో చెప్పు. పాళ్ళు తప్పినానా? పాకం ముదిరిందా?"

ఆమె నా ముఖంలోకి చూసింది, అమ్మాయి ముఖంలోకి చూసింది. ఇంత గిల్లి నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"పాకం అమరింది. దినుసులు నేను వేసేవాటికంటే బాగుండాయి. అక్కా, ఏ నీళ్ళు పోసినావు?"

"మా బావినీళ్ళు. ఇంకేం పోస్తారు?"

"ఆ బావికి అటుపక్కా ఇటుపక్కా రొయ్యల గుంటలే గదక్కా. ఆ నీళ్ళు మీరు తాగతారా?"

తాగం. చాలా ఏళ్ళుగా క్యాన్ నీళ్ళే తాగుతున్నాం. బావి నీళ్ళు ఒంటికీ, అంట్లకీ. కాస్త ఉప్పనైనాయని తెలుసు. బిందెడు నీళ్ళు చెంబెడయ్యేదాకా కాస్తే ఆ ఉప్పంతా ఆ చెంబులోనే మిగులుతుందని నాకు తట్టలేదు. ఉప్పు వేసి పులుసు కాచే ఆడదాన్ని, నాకే తట్టలేదు.

"ఒకసారి నువ్వే చూడక్కా" అంది.

"చేసే మనిషి నాలిక్కి తగలకూడదు. మా అమ్మ మాట."

"సరే. స్వామికి పెట్టిన ముద్ద ఉండాదా?"

"ఉండాది."

"అది మందు కాదు గదా ఇప్పుడు, ప్రసాదం. ప్రసాదం వద్దంటారా ఎవరన్నా?"

 పళ్ళెంలో ముద్ద తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. మైపాడు బీచిలో స్నానం చేస్తూ అల తగిలి నోట్లోకి నీళ్ళు పోయినట్టుంది. దాని మీద మిరియాల మంట, దాని వెనక బెల్లం. స్వామికి ఇన్నాళ్ళూ ఇదా పెట్టాను! ఎంతమంది బాలింతలు ఇది మింగి ఉంటారు, ఎంతమంది కిటికీలోంచి పారేసి ఉంటారు! ఒక్కరూ చెప్పలేదు.

"ఎవరూ చెప్పలేదే" అన్నాను.

"ఎట్లా చెప్తారక్కా? నీ మాట మీద గౌరవం. మందంటే ఇట్లానే ఉంటాదనుకుని కొందరు తినేసినారు. తినలేనోళ్ళు నా దగ్గరికొచ్చినారు."

అంటే ఆమె కాయం రుచికి వాళ్ళు పోలేదు. నా ఉప్పుకు భయపడి పోయారు. ఆ మాటకు నాకు సిగ్గు వేయాలి గదా. వేసింది. కానీ దానికంటే ముందు కడుపు మండింది. తెలుసుకున్నది ఆమె, ఇన్నాళ్ళూ నోరు మెదపనిది ఆమె, ఇప్పుడు ఇంత సౌమ్యంగా చెప్పిందీ ఆమే. కాస్తన్నా ఎగతాళిగా నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"లే అక్కా, మళ్ళీ చేద్దాం" అంది.

క్యాన్ నీళ్ళతో మందు కాచడానికి నాకు చేతులు రాలేదు. "మా అమ్మ చూస్తుంటే ఏమంటాదో" అన్నాను. "మీ అమ్మగారి కాలంలో ఆ బావి తియ్యగా ఉండిందేమో. ఆమె తియ్యటి నీళ్ళు పొయ్యమన్నాది, అంతే గదా" అంది తడ కోడలు. నేను స్వామికి చెప్పుకుని క్యాన్ వంచాను.

ఆమె పొయ్యి దగ్గర కూర్చుందే గానీ గరిటె ముట్టలేదు. అందిస్తే వెనక్కి జరిగింది. "నీ బిడ్డకు నువ్వే తిప్పక్కా." పాకం వచ్చే వేళకు మాత్రం వేలు ముంచి చప్పరించింది. నేను తల తిప్పుకుని చూడనట్టు ఊరుకున్నాను.

ఆ రోజు అమ్మాయి నా కాయం తిన్నది. మింగింది, నా కళ్ళ ముందే. "బాగుంది" అన్నది కూడా. ఆ మాట విన్నందుకు స్వామికి ఎన్నిసార్లు మొక్కుకున్నా రుణం తీరదు. మర్నాడు పొద్దున్నే, నేను గదిలోకి పోయేసరికి, అమ్మాయి తడ కోడలి డబ్బా తెరిచి రెండో ముద్ద నోట్లో వేసుకుంటోంది. నన్ను చూసి దొంగలా నవ్వింది. తాటిబెల్లం వాసన గదంతా నిండి ఉంది.

ఇప్పుడు ఊళ్ళో కాన్పులకు ఇద్దరం చేస్తాం. నా దగ్గరికి మళ్ళీ వస్తున్నారు, దేవుడి దయ. ఆమె దగ్గరికి ఇంకా ఎక్కువమంది పోతారు. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, చేపలామె చెబుతూనే ఉంది. నా అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. దీపం ముందు ఆమె పేరు దగ్గర నోరు ఇప్పటికీ ఒక క్షణం తడబడుతుంది, తర్వాత పలుకుతుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా పురుడు వచ్చి, మొదటి ముద్ద దేవుడి ముందు పెట్టేటప్పుడు, నా పొయ్యి ముందు గరిటె ముట్టకుండా కూర్చున్న ఆ తడ కోడలిని ఒకసారి తలుచుకోండి. నేను తడబడే ఆ క్షణంలో నా బదులు మీరు తలిస్తే ఆమెకు మొక్కులో లోటు ఉండదు.